4కి 2 కలిపితే 42 ఎకరాలు

వైట్‌స్పాట్ తెగులు, కరెంటు కోత, పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోయే కౌంటు రేటు... భీమవరం రొయ్యల రైతుకు ఇవన్నీ చిన్న చిన్న ఇబ్బందులు. అసలు సమస్య వేరే ఉంది. చెరువుల వివరాలు నింపే ఫారాన్ని ఊళ్లో కొందరు కుర్రాళ్లు వెబ్ కాంపొనెంట్లతో, అంటే వెబ్ పేజీ కోసం సొంతంగా తయారుచేసుకునే ముక్కలతో, కట్టారు. పెట్టెలో రైతు కొట్టిన అంకెను ఎప్పుడు చదవాలో మాత్రం ఇంకా తేలలేదు.

మొదటి వర్గానిది ఇన్‌పుట్ ఈవెంట్ మతం. ఈవెంట్ అంటే పెట్టెలో ఏదో జరిగిందని బ్రౌజర్ వేసే కేక. కొత్తల్లుడిని ముద్దముద్దకీ "ఇంకాస్త వెయ్యమంటారా బాబూ" అని అడిగే అత్తగారి లెక్క వీళ్లది. ఒక్కో అక్షరం పడగానే పట్టుకెళ్లి దాచుకుంటారు. ఛేంజ్ ఈవెంట్ వర్గం మర్యాదస్తులు, పెట్టె వదిలి పక్కకి జరిగేదాకా పలకరించరు. మూడో వర్గం అసలు ఎవర్నీ కదపదు. సబ్మిట్ నొక్కాక, నింపినవన్నీ పోగేసే ఫారం డేటాని అడిగితే అన్నీ ఒకేసారి చెబుతుందంటుంది.

నా ఓటు మూడో వర్గానికే. టైపు చేస్తుండగానే తెర మీద ఏదో మారాలంటే తప్ప అక్షరం అక్షరానికీ వెంటపడటం దేనికి? అయితే కాంపొనెంట్ లోపలి భాగాల్ని బయటి పేజీకి దూరంగా ఉంచే షాడో డామ్ అనే ప్రహరీ ఒకటుంది. దాని లోపలి పెట్టె బయటి ఫారానికి కనపడదు. కాంపొనెంట్ తానే ఫారంలో సభ్యత్వం తీసుకుని, బ్రౌజర్ అందుకోసమే ఇచ్చే ఎలిమెంట్ ఇంటర్నల్స్ ద్వారా తన విలువ తనే అప్పజెప్పాలి. 2023లో యాపిల్ వారి బ్రౌజర్ సఫారీ 16.4 కూడా దీనికి ఒప్పుకుంది కాబట్టి "మా బ్రౌజర్లో రాదండీ" అనే వంక ఇక చెల్లదు. కోడ్‌లో నేమ్, అంటే పేరు, పెట్టని పెట్టెనైతే ఫారం డేటా లెక్కలోకే తీసుకోదు, దానికి రేషన్ కార్డు లేనట్టే.

ఇంత మథనం అయ్యాక ట్రయల్‌కి ఓ పెద్దాయన్ని కూర్చోబెట్టారు. మొదటి చెరువు 4 ఎకరాలు, రెండోది 2. మొత్తం: 42 ఎకరాలు.

అంకెలకే కేటాయించిన నంబర్ టైపు పెట్టయినా, కోడ్‌లో వాల్యూ అని అడిగితే ఇచ్చేది అక్షరాలే. ప్లస్ పెడితే అవి కూడవు, పక్కపక్కన కూర్చుంటాయి. ముందే అంకెగా మార్చుకోవాలి, లేదా వాల్యూ యాజ్ నంబర్ అని అడగాలి. మూడు వర్గాలూ మూడు పద్ధతుల్లో చదివి చూశాయి. మూడింటికీ 42యే వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర కూడా ఒక్క నొక్కుతో ఇంత భూమి సాగులోకి తేలేదు.

పెద్దాయన తెర వంక తేరిపార చూశాడు.

"ఆయ్, ఆ మిగతా 36 ఎకరాలూ ఏ ఊళ్లో ఉన్నాయో కాస్త చెప్పండి బాబూ, లీజుకిచ్చుకుంటాను."