ఉగాది వేదిక మీద ప్రళయం ఎందుకు?

2025 ఏప్రిల్ మొదటి శనివారం మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం అయ్యాక ఇంకో ప్రసంగం నడిచింది. హాల్లో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. గుడి పంతులుగారు ఎప్పటిలాగే విశ్వావసు నామ సంవత్సరానికి రాజు సూర్యుడని చెప్పి, ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివి, అక్షింతలు వేసి దిగిపోయారు. తర్వాత అతిథిగా వచ్చిన వక్త తెర మీద బొమ్మలు వేశారు. మార్చి 29న మీనరాశిలో ఆరు గ్రహాలు కలిశాయని, మయన్మార్ భూకంపం దాని ఫలితమేనని, ఇది మొదలు మాత్రమేనని అన్నారు. ఆఖరి బొమ్మలో నల్లటి గుండ్రం, చుట్టూ నారింజ రంగు వెలుగు. మన పాలపుంత మధ్యలో ఉన్న బ్లాక్‌హోల్ అది, వెలుగును కూడా బయటకు పోనివ్వని కృష్ణబిలం. "ఇది ఉన్నది మూలా నక్షత్రం దిక్కున. అన్నిటినీ మింగేది అక్కడుందని మన పెద్దలకు ముందే తెలుసు. అందుకే మూల అంటే అంత భయం" అన్నారాయన. హాలంతా చప్పట్లు కొట్టింది.

నా పక్క కుర్చీలో మా మనవరాలు ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. తనది మూలా నక్షత్రం. తెలుగు చదవడం రాకపోయినా, గుడిలో అర్చన చేయించినప్పుడల్లా గోత్రంతో పాటు చెబుతాం కాబట్టి ఆ పేరు తనకు బాగా తెలుసు. "అమ్మమ్మా, అది నా స్టారే కదా?" అని నా చెవిలో అడిగింది. ఆ రాత్రి లైటు ఆర్పనివ్వలేదు.

నాదీ మూలా నక్షత్రమే. అందుకే ఇది రాస్తున్నాను.

1962 ఫిబ్రవరిలో నాకు ఏడేళ్ళు. తెనాలి దగ్గర పల్లె మాది. మకరరాశిలో అష్టగ్రహ కూటమి అన్నారు. రవి, చంద్ర, కుజ, బుధ, గురు, శుక్ర, శని, కేతువులు ఒకే రాశిలో చేరతారని, 3వ తేదీ నుంచి 5లోపు లోకం మునిగిపోతుందని ఊరంతా అదే మాట. రామాలయంలో పగలూ రాత్రీ భజన. అమ్మమ్మ సంక్రాంతికి వాడగా మిగిలిన బెల్లమంతా తీసి పాకం పట్టి అరిసెలు చేసింది. "పోతే అందరం కలిసే పోదాం, ఆకలితో మాత్రం వద్దు" అంది. మామయ్యలూ పెద్దమ్మలూ పిల్లల్ని వెంటేసుకుని వచ్చేశారు. వసారాలో వరసగా చాపలేసుకుని పడుకున్నాం. నా జీవితంలో అంతమంది మధ్య, అంత వెచ్చగా పడుకున్న రాత్రి ఇంకోటి లేదు. ఆ భయాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ముందు అరిసెల వాసనే గుర్తొస్తుంది.

నాన్న బడిపంతులు. ఎనిమిది గ్రహాలూ చూపించమని ఏడిస్తే ఎత్తుకుని గడ్డివాము దాకా తీసుకెళ్ళాడు. నాకు నక్షత్రాలు తప్ప ఏమీ కనపడలేదు. "అవన్నీ సూర్యుడి పక్కనే ఉన్నాయమ్మా. ఆయన వెలుగులో మనకు కనపడవు" అన్నాడు. 6వ తేదీ పొద్దున అమ్మ ఎప్పటిలా పేడనీళ్ళు చల్లి ముగ్గేసింది.

ఇక్కడితో ఆపితే బాగుండేది. మా పాలేరు ఆ వారం తన గేదెను సగం ధరకు అమ్మేశాడు. చచ్చేలోగా పిల్లలకు కడుపునిండా పెట్టుకుందామని. కొన్నది మా దగ్గరి బంధువే. లోకం మునగలేదు, గేదె తిరిగి రాలేదు. ఆ గేదె పాలు మేమూ తాగాం. వాడి పిల్లలకు మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇంట్లో పాడి లేదు.

పదిహేనేళ్ళ తర్వాత నా పెళ్ళి మాటలు మొదలైనప్పుడు నాన్న నా నక్షత్రం దాచలేదు. మూల అనగానే, మామగారికి గండమని నాలుగు సంబంధాలు వెనక్కి పోయాయి. ఐదోవాళ్ళు చేసుకున్నారు. పెళ్ళయిన రెండో ఏడు మామగారు గుండెపోటుతో పోయారు. పన్నెండో రోజున వచ్చిన చుట్టాల చూపులు ఎలా ఉన్నాయో నేను రాయలేను. అత్తయ్య ఒక్కరే నలుగురిలో నా చెయ్యి పట్టుకుని, "ఆయన్ని తీసుకెళ్ళింది నలభై ఏళ్ళుగా కాల్చిన చుట్ట. ఈ పిల్ల కాదు" అన్నారు. ఆ ఒక్క మాటతో నేను ఆ ఇంట్లో బతికాను. మొన్న హాల్లో మా మనవరాలికి ఆ మాట చెప్పేవాళ్ళు వేదిక మీద ఎవరూ లేరు.

వక్త చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది, అది కాదనను. మన లెక్కలో పాలపుంత కేంద్రం ధనూరాశి మొదట్లో, దాదాపు మూడో డిగ్రీ దగ్గర పడుతుంది. అది మూలా నక్షత్ర భాగమే. మూల అంటే చెట్టు వేరు అని అర్థం. పేరు ఎంతో అందంగా కుదిరింది. కానీ ఆ పేరు పెట్టినవాళ్ళకు బ్లాక్‌హోల్ సంగతి తెలుసని చెప్పడానికి ఆధారమేమీ లేదు.

2012 డిసెంబరు 21న ఇదే దిక్కు పేరు చెప్పి అందరినీ భయపెట్టారు. సూర్యుడు పాలపుంత కేంద్రానికి ఎదురుగా వస్తాడు, అంతా అయిపోతుందన్నారు. సూర్యుడు ఏటా ధనుర్మాసం పట్టిన మూడు రోజులకు ఆ దిక్కుకు వస్తూనే ఉన్నాడు. మనం చలిలో లేచి పొంగలి వండుకుని తిరుప్పావై చదువుకునే రోజులవి. అప్పుడు కూడా సరిగ్గా దాని మీదుగా పోడు. చేయి చాచి మూడు వేళ్ళు అడ్డం పెడితే ఎంతో, ఇంచుమించు అంత ఎడంగా పోతాడు.

ఆ బ్లాక్‌హోల్ బరువు 40 లక్షల సూర్యుళ్ళకు పైనే. మనకు దాదాపు 27 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 2022 మేలో విడుదలైన దాని బొమ్మే ఆ రోజు తెర మీద వేసింది. దాని చుట్టూ తిరిగే ఒక నక్షత్రం ఉంది, పేరు ఎస్-2. చుట్టు పూర్తి చేయడానికి 16 ఏళ్ళు పడుతుంది. 2018లో అది బ్లాక్‌హోల్‌కు బాగా దగ్గరగా, మన సూర్యుడికి నెప్ట్యూన్ ఉన్న దూరానికి నాలుగింతల దూరంలోకి వచ్చి, క్షేమంగా తిరిగి వెళ్ళింది. ఈ నక్షత్రాల కదలికను ఏళ్ళ తరబడి గమనించినందుకే శాస్త్రవేత్తలు ఆండ్రియా గెజ్, రైన్‌హార్డ్ గెంజెల్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. అంత పక్కనున్న నక్షత్రాన్నే మింగనిది, ఇంత దూరాన ఉన్న మనల్ని ఏం చేస్తుంది? గ్రహాల కూటమి కూడా అంతే. శుక్రుడు మనకు బాగా దగ్గరికి వచ్చినా, సముద్రాలను లాగడంలో చంద్రుడి బలంలో పదివేలలో ఒక వంతు కూడా ఉండదు. మయన్మార్ భూకంపం వచ్చింది 28న. ఆరు గ్రహాలు కలిసింది ఆ మర్నాడు.

నేను పంచాంగానికి వ్యతిరేకిని కాను. గ్రహణం రోజున ఆవకాయ జాడీ మీద దర్భ వేస్తాను, మానను. పంతులుగారు కందాయ ఫలాలు చదువుతుంటే నాన్న గొంతు విన్నట్టే ఉంటుంది. పంచాంగంలో చెడు కూడా చెబుతారు కదా అని మీరు అడగవచ్చు. చెబుతారు. వ్యయం ఎక్కువంటారు, అవమానం ఆరంటారు. అది ఏడాది పాటు జాగ్రత్తగా ఉండమని ఇంటి పెద్ద చెప్పే మాట. రేపు ఉండవని పిల్లలకు చెప్పడం వేరు.

2008 సెప్టెంబరు 10న జెనీవా దగ్గర కణాలను ఢీకొట్టించే పెద్ద ప్రయోగం మొదలవుతుంటే, అందులో బ్లాక్‌హోల్ పుట్టి భూమిని మింగేస్తుందని మన దేశంలో టీవీ చానళ్ళు రోజంతా చెప్పాయి. అది చూసి భయపడి మధ్యప్రదేశ్‌లో ఒక 16 ఏళ్ళ అమ్మాయి ప్రాణం తీసుకుందని ఆమె తండ్రి చెప్పినట్టు వార్తలొచ్చాయి. ఆ అమ్మాయి పక్కన కూర్చుని, ఇదంతా అబద్ధం తల్లీ అని చెప్పేవాళ్ళు ఆ పూట ఒక్కరున్నా చాలేది. చప్పట్లు కొట్టినవాళ్ళలో చాలామంది నాకు ఆప్తులు. వాళ్ళంతా ఒక్కసారి దీని గురించి ఆలోచించాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

కార్యవర్గానికి నా మనవి ఇది. వచ్చే ఉగాదికి పంచాంగ శ్రవణం ఉండనివ్వండి, ఇంకో పావుగంట ఎక్కువే ఇవ్వండి. ప్రళయం చెప్పేవాళ్ళకు మాత్రం మైకు ఇవ్వకండి. మూల, జ్యేష్ఠ, ఆశ్లేష అంటూ పిల్లల నక్షత్రాలకు గండాలు అంటగట్టే మాట ఆ వేదిక మీద వినపడకూడదు. ఈ వేసవి పిక్నిక్‌ను ఎప్పటిలా సాయంత్రం ఐదింటికి ముగించకుండా, ఆగస్టు 23 శనివారం పెట్టి చీకటి పడేదాకా ఉంచండి. ఆ రాత్రి చంద్రుడు ఉండడు. పిల్లల క్షేమం కోసం మన అమ్మలు పోలాల అమావాస్య నోము పట్టే రోజులు అవి. ఊరి దీపాలకు దూరంగా ఉండే పార్కు చూద్దాం. దక్షిణాన చెట్ల మీదుగా తేలు తోకలా వంగిన నక్షత్రాల వరస కనిపిస్తుంది. అదే మూల. దాని పక్కన పాలపుంత బాగా చిక్కగా ఉంటుంది, కేంద్రం ఆ వైపే. మనలో టెలిస్కోపులు ఉన్నవాళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నారు, తీసుకురండి.

పులిహోర, చాపలు నేను తెస్తాను. మా మనవరాలు కూడా వస్తానంది. చీకట్లో నా చెయ్యి మాత్రం వదలనని ముందే చెప్పింది.