పాదిరీగారి ఉద్యోగం

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు పల్లెల్లో కూలివాడికి అన్యాయం జరిగిందని గిట్టనివాళ్లు రాస్తుంటారు. పాపం, వాళ్లకి అక్కడి పాదిరీగారి సంగతి తెలియదు.

నియామకమే చూడండి. చాలా ఊళ్లలో పాదిరీని పెట్టే హక్కు ఊరి భూస్వామి అయిన దొరగారి సొంత ఆస్తి. అమ్ముకోవచ్చు, వేలం వేయొచ్చు. పత్రికల్లో ప్రకటనలు కూడా వచ్చేవి: విశాలమైన ఇల్లు, ఏడాదికి ఇంత రాబడి, ఇప్పుడున్న పాదిరీగారు వయసు మళ్లినవారు. ఆ చివరి ముక్క చదివితేనే కొనేవాడి ప్రాణం లేచొచ్చేది. ఆయన పోతేగానీ ఖాళీ రాదు మరి!

జీతం భారం ఊరిదే. పంటలో దశమభాగం బస్తాల్లో లాక్కెళ్లడం బాగుండదని 1836లో చట్టం చేసి, దాన్ని డబ్బు కింద మార్చారు. ఆదివారం చర్చిలో దొరగారి కుటుంబానికి ప్రత్యేకమైన బెంచీ, కూలివాళ్లకి వెనకెక్కడో చోటు. దేవుడికి తికమక లేకుండా.

ఇంత చక్కటి ఏర్పాటుని 1872లో జోసెఫ్ ఆర్చ్ అనే వ్యవసాయ కూలీ చెడగొట్టాడు. వార్విక్‌షైర్‌లోని వెల్స్‌బోర్న్‌లో చెస్ట్‌నట్ చెట్టు కింద నిలబడి, కూలీలకి సంఘం కావాలన్నాడు. గ్లోస్టర్ బిషప్ గారు ఒక విందులో, ఇలా రెచ్చగొట్టేవాళ్లని ముంచడానికి గుర్రాల చెరువు పనికొస్తుందేమోనని సూచనగా అన్నారు. భోజనాల దగ్గర మాట కాబట్టి ప్రేమగానే అనుంటారు.

మరుసటి ఏడు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఆస్కాట్ గ్రామం. సంఘంలో ఉన్న కూలీల బదులు రైతు బయటి కుర్రాళ్లని తెచ్చుకున్నాడు. ఊరి ఆడవాళ్లు అడ్డం వెళ్లి, పనికి పోవద్దన్నారు. పదహారు మందికి కఠిన శిక్ష పడింది. కొందరి చంకల్లో చంటిబిడ్డలున్నారు. తీర్పు చెప్పిన మేజిస్ట్రేట్లు ఇద్దరూ పాదిరీలే. ఆదివారం క్షమ, మిగతా రోజుల్లో జైలు: ఒకే మనిషి రెండూ చూసుకుంటే ఖర్చు కలిసిరాదా?

చివరికి 1894లో ఎన్నికైన గ్రామ కౌన్సిళ్లు వచ్చాయి. పాదిరీగారి పెత్తనం పోయిందని కూలివాళ్లు సంబరపడ్డారు. ఓటు మాత్రం, పోలింగు కావాలని ఎవరూ పట్టుబట్టకపోతే, సభలో అందరి ముందూ చెయ్యెత్తి వేయాలి. ఎవరి చెయ్యి ఎటు లేచిందో దొరగారు, పాదిరీగారు అక్కడే కూర్చుని చూసుకోవచ్చు.