సుగాలీ అద్దాలు జంతువులను బెదిరించడానికేనా?

తిరుమల క్యూలో సుగాలీ (లంబాణీలనీ అంటారు) ఆడవాళ్లు నిలబడి ఉన్న ఫొటో ఒకటి తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద మూడు మాటలు రాశారు. వాళ్ల బట్టల మీద కుట్టిన అద్దాలు అడవి జంతువులను బెదిరించడానికట. ఆ బట్టలు రాజస్థాన్‌వి, మనవి కావట. ఇప్పుడు చేత్తో కుట్టేవాళ్లే లేరు, అంతా మిషన్ పనేనట.

మొదటిది చాలామంది నమ్మేస్తారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని అడవి దారుల్లో తిరిగిన జనం కదా! మరి పెళ్లికూతురి సంచికి అద్దాలెందుకు? కడవ కింది చుట్టకుదురు నుంచి వీపు మీదికి వేలాడే గుడ్డకు గవ్వలెందుకు? అవి పెళ్లిలో నలుగురికీ కనబడాల్సినవి. చెంపల పక్కన వేలాడే ఘుగ్రీలనే నగలు, మోచేతి పైన తెల్లగాజులు చూస్తే ఆమె పెళ్లయిన మనిషని తండాలో తెలిసిపోతుంది. అద్దం దిష్టిని తిప్పికొడుతుందన్న నమ్మకమూ ఉంది. ఇన్ని అర్థాలున్న పనిని జంతువుల బెదురుకు కుదించేస్తే నాకు కోపమొస్తుంది.

ఆ అద్దానికి బెజ్జం ఉండదు. ముందు దారాన్ని దాని మీదుగా నిలువుగా, అడ్డంగా లాగి చట్రం కడతారు. ఆ చట్రాన్ని పట్టుకుని అంచు చుట్టూ ముడులు వేసుకుంటూ వస్తే అద్దం గుడ్డలో కూర్చుంటుంది. జిగురుతో అంటించిన ప్లాస్టిక్ బిళ్లను దీని పక్కన పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇక రాజస్థాన్ మాట. పూర్వీకులు అటునుంచి వచ్చినవాళ్లే. కానీ 17వ శతాబ్దంలో మొగలు సైన్యాలకు ధాన్యం మోస్తూ దక్కను దారులన్నీ తిరిగారు, ఇక్కడే నిలిచిపోయారు. ఈ కుట్టుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది మన అనంతపురానికి పక్కనున్న బళ్లారి జిల్లా సండూరు పేరు మీద. మదనపల్లె దాటి తంబళ్లపల్లె వైపు వెళ్తే సుగాలీ తండాలు కనిపిస్తాయి. తిరుమలలో స్వామితో పాచికలాడాడని చెప్పుకునే హాథీరాం బావాజీని సుగాలీలు తమవాడిగా కొలుస్తారు. ఆయన పేరిట ఉన్న మఠం మహంతులే 1843 నుంచి 1933 వరకు ఆలయ వ్యవహారాలు చూశారు. ఆ క్యూలో వాళ్లను పరాయివాళ్లనడం ఎంత అన్యాయం!

మూడో మాటలో కొంత నిజం లేకపోలేదు. తండాల్లో రోజువారీకి చీరలే ఎక్కువయ్యాయి. అయినా కుట్టు ఆగలేదు. 2023 జులైలో హంపీలో జీ20 సమావేశం జరిగినప్పుడు 1,755 లంబాణీ కుట్టుపని వస్తువులను ఒకేచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. వాటి వెనకున్నది 450 మందికి పైగా ఆడవాళ్ల చేతిపని.