బొమ్మలు అమ్మాల్సిన సిరీస్, చివరికి బొమ్మనే విరగ్గొట్టింది

1980 జనవరి 26న జపాన్‌లోని నగోయా టీవీలో వచ్చిన రోబో యానిమే సిరీస్ 'మొబైల్ సూట్ గండమ్' ఆఖరిదైన 43వ ఎపిసోడ్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఒక్క షాటే. తల లేదు, ఎడమ చెయ్యి లేదు, కుడిచేత్తో తుపాకీ పైకెత్తి కాలుస్తున్న గండమ్ అనే రోబో. ఇన్నేళ్లయినా మోడల్ కిట్లు కట్టేవాళ్లు ఆ పోజు పెట్టి ఫొటో తీసుకోకుండా ఉండరు. కానీ ఆ క్షణంలో కాక్‌పిట్‌లో దాన్ని నడిపే కుర్రాడు అమురో లేడు. రోబోను ఆటోపైలట్‌లో వదిలేసి అప్పటికే బయటికొచ్చేశాడు. అంటే సిరీస్ మొత్తంలో అతి పెద్ద హీరోయిక్ షాట్ అని మనం చెప్పుకునేది మనిషి లేని యంత్రం చేసిన పని. దర్శకుడు టొమినో ఇది తెలిసే చేశాడని నా నమ్మకం.

అప్పట్లో రోబో సిరీస్‌కి డబ్బు పెట్టేది బొమ్మల కంపెనీలే. అంతకుముందు 1974లో 'మాజింగర్ జడ్' ఎలా ముగిసిందో చూడండి: 92వ ఎపిసోడ్‌లో పాత రోబో చావుదెబ్బలు తింటుంటే గ్రేట్ మాజింగర్ దిగి కాపాడుతుంది, వెంటనే ఆ కొత్త రోబో పేరుతోనే తర్వాతి సిరీస్ మొదలు. గండమ్‌కి స్పాన్సర్ క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. రేటింగ్‌లు రాక 52 ఎపిసోడ్లని వేసుకున్న ప్లాన్‌ని 43కి కోసేశారు. అలాంటి ఒత్తిడిలో కూడా టొమినో బృందం కొత్త రోబోని తీసుకురాలేదు, ఉన్నదాన్ని గెలిపించలేదు కూడా. శత్రుపక్షం పైలట్ షార్ నడిపే రోబో జియాంగ్, గండమ్ రెండూ ఒకదాన్నొకటి పేల్చుకుని పోతాయి. తర్వాత ఆ ఇద్దరూ కత్తులు పట్టుకుని ఎదురెదురుగా నిలబడతారు. అమురో చేతికి గాయం, షార్ నుదుటికి గాయం. హెల్మెట్ లేకపోతే షార్ అక్కడే పోయేవాడు. ఇంత పెద్ద అంతరిక్ష యుద్ధం చివరికి ఇద్దరు మనుషుల పగ దగ్గరికి వచ్చి ఆగింది, ఆ పగతో కూడా ఏమీ తేలలేదు.

నాకు మాత్రం ఈ ఎపిసోడ్ అసలు గొప్పతనం ఆ తర్వాతి కొద్ది నిమిషాల్లో ఉంది. న్యూటైప్ శక్తి అంటే మాట లేకుండానే ఒకరి మనసు ఇంకొకరికి తెలియడం. అలాంటి శక్తిని సిరీస్‌లో రెండు సైన్యాలూ ఆయుధంగానే వాడుకున్నాయి, షార్ వైపు పోరాడినా అమురోతో మనసు కలిసిన న్యూటైప్ అమ్మాయి లాలా చనిపోయింది అందువల్లే. ఆఖర్లో అమురో అదే శక్తితో తమ యుద్ధనౌక వైట్‌బేస్‌లో చిక్కుకున్న తోటివాళ్లను ఒక్కొక్కరిగా పిలిచి, ఎటు వెళ్లాలో చెప్పి, బయటికి పంపుతాడు. తర్వాత అతను గండమ్‌లో మిగిలిన కోర్ ఫైటర్ అనే చిన్న విమానంలో బయటపడేటప్పుడు దారి చూపించేది కట్జ్, లెట్జ్, కిక్కా అనే చిన్నపిల్లలు, యుద్ధంలో దిక్కులేనివాళ్లయిన పిల్లలు. తనకి ఇంకా తిరిగి వెళ్లడానికి ఒక చోటుందని ఆ పదిహేనేళ్ల కుర్రాడు లాలాకి క్షమాపణ చెబుతూ ఏడుస్తుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది, ఎందుకంటే అంతవరకూ అందరూ వాడిని పైలట్‌గానే చూశారు, తిరిగొస్తే చాలని ఎదురుచూసేవాళ్లు అక్కడ తొలిసారి కనిపిస్తారు.

లోపాలు లేవని కాదు. తన పక్షం నాయకురాలే అయిన కిసిలియాని షార్ బజూకాతో చంపడం హడావిడిగా జరిగిపోతుంది, ఏడాది సాగిన యుద్ధం ముగిసిన సంగతి వ్యాఖ్యాత ఒక్క మాటలో చెప్పేస్తాడు. ప్రధాన యానిమేటర్ యాసుహికో అప్పటికి అనారోగ్యంతో ఆసుపత్రిలో ఉన్నాడు, గీతల్లో ఆ లోటు బాగా కనబడుతుంది. 1982లో వచ్చిన మూడో సినిమాలో చాలా భాగం మళ్లీ గీశారు, మొదటిసారి చూసేవాళ్లకి నేను చెప్పేది కూడా ఆ సినిమానే. కానీ అది చూశాక టీవీ ఎపిసోడ్ కూడా ఒక్కసారి చూడండి. వంకర గీతలున్నా, చేతిలో టైమ్ లేకపోయినా, పిల్లలు దారి చూపించే ఆ సీన్‌ని మాత్రం వాళ్లు ఎక్కడా తొందరపెట్టలేదు.