ఏరు మూలం అడగాల్సిందే

ఏరు మూలం, ఋషి మూలం అడగకూడదని పెద్దలన్నారు. పెద్దలు ఇంటికి ఇన్సూరెన్స్ చేయించినట్టు లేరు. చేయించి ఉంటే ఋషిని వదిలేసినా ఏరును మాత్రం నిలబెట్టి అడిగేవాళ్లు.

మా ఇల్లు వరద ముప్పు ప్రాంతంలో ఉందట. మ్యాపులో మా వీధి మొత్తం లేత నీలం. ఇల్లు కొన్నప్పటి బ్రోషర్‌లోనూ ఇదే నీలం ఉండేది, కాకపోతే అప్పుడు దాని పేరు ‘రివర్ వ్యూ’. ఆ వ్యూ కోసం బిల్డర్‌కు కొంచెం ఎక్కువే ఇచ్చుకున్నాను. ఇప్పుడు అదే వ్యూ కోసం ప్రీమియం కూడా ఎక్కువ కట్టమంటున్నారు. ఒకే నీటిని రెండుసార్లు కొన్నవాణ్ణి కాబట్టి, ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

మాది ‘నూరేళ్ల వరద’ పరిధి అని కంపెనీ ఫోన్‌లో చెప్పగానే నాకు సంతోషమేసింది. నూరేళ్లంటే దీవెనే కదా. పైగా నిరుడే ఒకసారి వచ్చి వెళ్లింది, ఇక మళ్లీ మునిమనవల కాలానికే. అలా కాదండీ అని అవతలి అమ్మాయి ఓపిగ్గా వివరించింది. ఏ ఏడాదికా ఏడాది నూటికి ఒక వంతు అవకాశం ఉంటుందట. నిరుడు వచ్చానే అని ఏరు గుర్తుపెట్టుకోదట. ఆ లెక్కన 30 ఏళ్ల హోమ్‌లోన్ తీరేలోపు ఒక్కసారైనా ఇల్లు మునిగే అవకాశం సుమారు 26 శాతం. అంతా ఇంత చక్కగా తెలిసినవాళ్లు పాలసీ ఇవ్వడానికి ఎందుకు వెనకాడతారని అడిగాను. తెలుసు కాబట్టే అంది. తప్పు నాదే. ఇన్సూరెన్స్ అనేది రాని కష్టానికి చేయించుకోవాలి. వచ్చే కష్టానికి కావాలనడం అత్యాశ.

బ్యాంకువాళ్లకు పాలసీ చూపిస్తేనే లోన్. కంపెనీవాళ్లకు ముందు గుమ్మాలకు వరద అడ్డుపలకలు, డ్రైనేజీ పైపుకు వెనక్కి తన్నని వాల్వు, స్విచ్‌బోర్డులన్నీ నడుమెత్తు పైకి మార్చి చూపిస్తేనే పాలసీ. వీటన్నిటికీ డబ్బు కావాలంటే లోన్ రావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. రెండు ఆఫీసులూ ఒకే భవనంలో ఉండటం వల్ల తిరగడానికి ఆటో ఖర్చు మాత్రం కలిసొచ్చింది.

ఇక అసలు విషయం, నీటి కులగోత్రాలు. ఇంట్లోకి నీళ్లొచ్చాయి అంటే సరిపోదు, ఎక్కడివో చెప్పాలి. పైపు పగిలి వచ్చిన నీళ్లకు ఒక లెక్క. గాలివానకు కప్పు లేచిపోయి పైనుంచి పడితే ఇంకో లెక్క. నేల మీదుగా పారి గడప దాటితే అది వరద. డ్రైనేజీలోంచి ఎదురుతన్నితే దానికి విడిగా కట్టి ఉండాలి. నేలలోంచి మెల్లగా ఊరి గోడలెక్కితే అది మీ నిర్వహణ లోపం. కప్పులోంచి పడ్డ నీళ్లూ గడప దాటి వచ్చిన నీళ్లూ హాల్లో కలిసిపోతే? అప్పుడు నష్టం లెక్కగట్టే సర్వేయర్ వస్తాడు. సోఫాను తడిపింది ఏ నీరో తేలేదాకా సోఫా అలాగే ఉండాలి. నేనైతే కంపెనీని తప్పుపట్టను. పాలసీ చదవకుండా ఇళ్లలోకి జొరబడే నీళ్లదే తప్పు.

ఈ విషయంలో అమెరికావాళ్లు మరీ పద్ధతైనవాళ్లు. 1968లో వాళ్లు చట్టం చేసి తెచ్చిన జాతీయ వరద బీమాలో, మామూలుగా పొడిగా ఉండే నేల కనీసం రెండెకరాలు గానీ, మీదీ ఇంకొకరిదీ కలిపి కనీసం రెండు ఆస్తులు గానీ మునిగితేనే అది వరద. మీ ఒక్కరి చిన్న పెరట్లో నిలిస్తే అది ఉత్త నీళ్లు. అంటే మన ఇంట్లోకి నీళ్లు రాగానే చేయాల్సిన మొదటి పని పక్కింటివాళ్ల గుమ్మం చూడటం. వాళ్లిల్లు పొడిగా కనిపిస్తే గుండె జారిపోతుంది. ఆ పాలసీ కట్టాక కూడా మామూలుగా 30 రోజులు ఆగాలి, ఆ తర్వాతే అమల్లోకి వస్తుంది. మబ్బు పట్టిన రోజు కట్టినవాళ్లు మబ్బుతో కాస్త మాట్లాడుకోవాలి.

బ్రిటన్‌వాళ్లు 2016లో ‘ఫ్లడ్ రీ’ అని ఒక ఏర్పాటు చేశారు. కంపెనీలన్నీ తలా కొంత వేసి, మునిగే ఇళ్ల వరద భారాన్ని అందులోకి దించుకుంటాయి. మంచి ఆలోచనే, వెక్కిరించడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. 2009 నుంచి కట్టిన ఇళ్లకు మాత్రం అందులో చోటు లేదు, 2039లో అది ఆగిపోతుంది. ఏళ్లు రెండూ గోడ మీద రాసిపెడితే ఏరు చూసుకుంటుంది.

నాకూ చివరికి పాలసీ వచ్చింది. నలభై పేజీలు. అగ్నిప్రమాదానికి వర్తిస్తుంది. పిడుగుకు, దొంగలకు వర్తిస్తుంది. విమానం వచ్చి ఇంటి మీద పడినా వర్తిస్తుంది, రెండు పూటలా ఆకాశం చూస్తున్నాను. ముప్పై ఏడో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, వరదకు తప్ప అని ఉంది.

కాగితాలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టాను. నిరుడు నీళ్లు అంత ఎత్తుకు రాలేదు.