పారిపోయినవాళ్ళకో విగ్రహం

విశాఖపట్నంలో ఒక యుద్ధాన్ని స్మరించుకోవాలంటే ముందు పార్కింగ్ చూసుకోవాలి. మా చరిత్ర సంఘం ఇన్నేళ్ళ కృషిలో తేల్చిన ఏకైక చారిత్రక సత్యం ఇది. తేలిగ్గా తీసిపారేయొద్దని మనవి. 1971 యుద్ధం సంగతే చూడండి. ఆర్కే బీచ్‌లో విజయస్తూపం ఉంది, అదే రోడ్డులో జలాంతర్గామి ఐఎన్ఎస్ కురుసుర ఉంది, దానికి ఎదురుగా టీయూ-142 విమానం ఉంది. బండి ఆపుకోవచ్చు, సెల్ఫీ దిగొచ్చు, మురీ మిక్చర్ నములుతూ దేశభక్తిని ఇంటిదాకా తీసుకెళ్ళొచ్చు. అందుకే ఆ యుద్ధాన్ని మరిచిపోయినవాడు ఈ ఊళ్ళో లేడు.

మన ఊరి దగ్గర్లోని పద్మనాభంలో జరిగిన యుద్ధానికి ఆ అదృష్టం లేదు. విజయనగరం రాజు చిన విజయరామరాజు గారు కప్పం బకాయి పడ్డారని ఈస్టిండియా కంపెనీ వాళ్ళు నెలకు 1,200 రూపాయల పింఛను విదిల్చి, మచిలీపట్నం వెళ్ళి కూర్చోమన్నారు. ఆయన వెళ్ళలేదు, పద్మనాభంలో ఆగారు. 1794 జూలై 10న కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సైన్యాన్ని తీసుకొచ్చాడు. రాజుగారు, ఆయన వెంట నిలబడ్డవాళ్ళు అక్కడే నేలకొరిగారు. మా సంఘం ఒకసారి మినీ బస్సు మాట్లాడుకుని ఆ చోటు చూడ్డానికి బయల్దేరింది. ఎలాగూ వచ్చాం కదా అని ముందు కొండెక్కి అనంత పద్మనాభస్వామి దర్శనం చేసుకున్నాం. దిగేసరికి సగంమంది మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. పులిహోర పొట్లాలు విప్పాం. యుద్ధం జరిగింది ఎటువైపని ఎవరో అడిగితే డ్రైవరు గడియారం చూసి, "ఇంకా లేటైతే హనుమంతవాక దగ్గర ఇరుక్కుపోతాం సార్" అన్నాడు. రాజుగారి సంగతి వచ్చే ఏడాదికి వాయిదా పడింది. రెండు శతాబ్దాలు ఆగినాయన ఇంకో ఏడాది ఆగలేరా?

మిగతా యుద్ధాల గురించి కూడా మా దగ్గర ఫైళ్ళున్నాయి. 1780 అక్టోబరులో ఇక్కడి సిపాయిలను హైదరాలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు పదండన్నారు. వాళ్ళు ఎక్కలేదు సరికదా, తిరగబడి తెల్ల అధికారుల్ని కాల్చారు. 1857కి 77 ఏళ్ళ ముందు మాట ఇది. ఇంకో ఊరైతే ఈపాటికి సర్కిలు మధ్యలో గుర్రం బొమ్మ పెట్టేసేది. మా అధ్యక్షులవారు ఒక ప్రభుత్వ శాఖలో పెద్ద హోదాలో రిటైరైనవారు. "వాళ్ళ త్యాగం గొప్పదే, కాదనను. కానీ మూవ్‌మెంట్ ఆర్డర్ ధిక్కరించారు. మా ఆఫీసులో అయితే చార్జిమెమో ఇచ్చేవాణ్ణి" అన్నారు. ఫైలు పెండింగులో పడింది. 1804 సెప్టెంబరులో మన రేవు ఎదుటే ఫ్రెంచి అడ్మిరల్ లినోయి నౌకలూ ఇంగ్లీషువాళ్ళ సెంచూరియన్ నౌకా ఫిరంగులతో కొట్టుకున్నాయి. రెండు పక్షాల్లోనూ శాలువా కప్పడానికి లోకల్‌గా వారసులు దొరకరని కోశాధికారి తేల్చడంతో ఆ యుద్ధాన్ని బడ్జెట్‌లోంచి తీసేశాం.

మేం నిజంగా ప్రాణం పెట్టి చేసే యుద్ధం ఒక్కటే. గాజీ యుద్ధం. అంటే 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన తీరానికి దగ్గర్లో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి గురించి మా హాల్లో ప్రతి డిసెంబరులో జరిగేది. మన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చింది గాజీ. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్ళిపోయింది. అది ఇక్కడే ఉందని శత్రువును నమ్మించడానికి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పాత యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజపుత్‌తో నాటకం ఆడించారు. పెద్ద ఓడకి సరిపడా రేషన్లు, మాంసం, కూరగాయలు ఆర్డరిచ్చి ఆ కబురు ఊళ్ళో పాకేలా చేశారు. ఇంతవరకూ గొడవ లేదు. గాజీ ఎలా మునిగిందన్న దగ్గరే మా కుర్చీలు వేరుపడతాయి. కుడివైపు వరసల్లో రాజపుత్ వర్గం కూర్చుంటుంది, రాజపుత్ వేసిన డెప్త్ చార్జీలే, అంటే నీళ్ళ అడుగున పేలే బాంబులే, దాన్ని ముంచాయంటుంది. ఎడమవైపు హైడ్రోజన్ వర్గం, లోపల బ్యాటరీల దగ్గర గ్యాస్ పేరుకుని దానంతటదే పేలిందంటుంది. తను పెట్టిన మందుపాతర మీదికి తనే వెళ్ళిందనేవాళ్ళు వెనక తలుపు దగ్గర కూర్చుంటారు, టీ ముందు వాళ్ళకే అందుతుంది. గత ఏడాది నాలుగో వర్గం తలెత్తింది. ఆయన ఒక్కడే వర్గం. ఆ రోజుల్లో నేవీకి ఉల్లిపాయలు సప్లై చేసింది వాళ్ళ నాన్నగారట. "విక్రాంత్ ఇక్కడుందని వాళ్ళు నమ్మింది దేన్ని చూసి? మా నాన్న బస్తాల్ని చూసి. గాజీని ముంచింది మా ఉల్లిపాయలే!" అని మైకు పట్టుకున్నాడు. మైకు తిరిగి ఇప్పించడానికి ఇద్దరు మాజీ నావికులు కావలసివచ్చారు.

ఆ రాత్రి పేలుడుకి ఒడ్డున ఇళ్ళ కిటికీలు అదిరాయి, తర్వాత వేటకెళ్ళిన జాలర్లకు నీళ్ళ మీద లైఫ్ జాకెట్టు దొరికింది. అలాంటి జాలరి కుటుంబాన్ని ఒకదాన్ని పిలుద్దామని నేనొకసారి అన్నాను. వేదిక మీద కుర్చీలు లేవన్నారు.

ఇక అసలు విషయానికొస్తాను. కొలంబో మీద దాడి జరిగిన మర్నాడు, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యుజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, అదే రోజు కాకినాడ మీదా బాంబులేశాయి. మన రేవు అప్పటికి తొమ్మిదేళ్ళది కూడా కాదు. పేలని బాంబు ఒకటి బీచ్ రోడ్డు మ్యూజియంలో ఉంది, చూసే ఉంటారు. సైనికులు లోపల దాక్కుని తుపాకులు పేల్చడానికి ఆనాడు కట్టిన కాంక్రీటు పిల్‌బాక్సులు ఇసకలో ఉన్నాయి. అల కోసినప్పుడు బయటపడతాయి, మేట వేసినప్పుడు మునుగుతాయి. బయటపడ్డప్పుడల్లా వాటిని పరిరక్షించాలని మేం తీర్మానం చేస్తాం, మళ్ళీ మునిగితే మా తీర్మానం అమలైనట్టు లెక్క.

ఈ ఏడాది ఏప్రిల్ 6ని ఘనంగా జరపాలని ఫ్లెక్సీ కొట్టించడానికి డాబాగార్డెన్స్ వైపు ఒక షాపుకెళ్ళాను. డిజైనర్ కుర్రాడు వివరం విని స్క్రీన్ మీంచి తలెత్తకుండా, "జయంతా సార్, వర్ధంతా?" అన్నాడు. బాంబు పడ్డ రోజు బాబూ అన్నాను. కాసేపు ఆలోచించి, "పేలిందానికి వర్ధంతి, పేలనిదానికి జయంతి" అన్నాడు. సాయంత్రానికి ఫ్లెక్సీ వచ్చింది. మధ్యలో బాంబు, చుట్టూ పూలదండ, రెండు పక్కలా మా కార్యవర్గం ఫొటోలు, కింద "జపాన్ బాంబుదాడి దినోత్సవ శుభాకాంక్షలు". అధ్యక్షులవారు చాలాసేపు పరీక్షగా చూశారు. తన ఫొటో కన్నా కార్యదర్శి ఫొటో అర అంగుళం పెద్దదిగా ఉందని అభ్యంతరం చెప్పారు.

కార్యక్రమానికి ముఖ్య అతిథి కావాలి. ఆనాటి సాక్షి ఎవరైనా దొరుకుతారా అని వెతికితే చెంగలరావుపేటలో తొంభై దాటిన ఒక మామ్మగారు దొరికారు. వీరగాథ రాసుకుందామని నోటుబుక్కుతో వెళ్ళాం.

"బాంబు నాను సూణ్ణేదు బాబూ, సప్పుడే ఇన్నాను" అంది ఆవిడ. "మా సిన్నాన్న రంగం నుంచి నడిసొచ్చేసినాడు గదా, బాంబంటే ఏటో ఆయనే సెప్పినాడు. మా యమ్మ కుండ పొయ్యిమీదే వొదిలేసి మమ్మల్ని బండెక్కించేసింది. సోడవరం ఎల్లిపోనాం. కుక్కని మరిసిపోనాం. మా తమ్ముడు దారంతా ఏడుపే."

ఇంకా? అన్నారు కార్యదర్శి, పెన్ను ఎత్తి పట్టుకుని.

"ఇంకేటుంటాది? పారిపోనాం."

బయటికొచ్చాక మా కార్యవర్గం ముఖాలు చూడాలి. ఒక నగరం మీద శత్రువు బాంబులేస్తే ఆ నగరం చేసిన పని ఇదా? పైగా ఈవిడొక్కతే కాదు, అందరూ ఇదే చెబుతున్నారు. ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుని, రైళ్ళకి వేలాడి, నడిచి వెళ్ళిపోయింది. నాకైతే ఇందులో సిగ్గుపడాల్సింది కనిపించలేదు. అది వాళ్ళకి ఒక్క మాట చెప్పకుండా మొదలైన యుద్ధం. 1941 డిసెంబరులో రంగూన్ మీద, అంటే మామ్మగారి రంగం మీద, బాంబులు పడ్డప్పటి నుంచీ అక్కడి మనవాళ్ళు అడవుల వెంట నడుచుకుంటూ ఇళ్ళు చేరుతున్నారు. బాంబంటే ఏమిటో పేపరు చదివి కాదు, ఇంట్లో మనిషి చెబితే తెలిసింది. అంతా తెలిసీ చేతిలో కర్ర కూడా లేనివాడు పొయ్యి దగ్గర కూర్చుంటే అది పౌరుషమా?

ఆ మాటకొస్తే ఆంధ్ర యూనివర్సిటీ కూడా వెళ్ళిపోయింది. బీరువాలతో సహా గుంటూరు వెళ్ళింది. ఆ సంగతి వాళ్ళ చరిత్రలో దర్జాగా రాసి ఉంటుంది. యూనివర్సిటీ వెళితే చరిత్ర, మామ్మ వెళితే పరువుతక్కువ.

కాబట్టి సంఘం ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. బీచ్ రోడ్డులో పారిపోయినవాళ్ళకి ఒక విగ్రహం. కంచు ఎడ్లబండి. బండిలో ఒకావిడ, ఇద్దరు పిల్లలు, ఆవకాయ జాడీ, చుట్టిన పరుపు. వెనక కొంచెం దూరంలో కుక్క. విగ్రహం సముద్రానికి వీపు చూపిస్తూ ఊరి బయటివైపు తిరిగి ఉండాలి, ఎడ్లు పరిగెత్తుతున్నట్టుండాలి. ఏటా ఏప్రిల్ 6 పొద్దున్నే సైరన్ మోగించి, చేతికందింది పట్టుకుని అందరం సింహాచలం దాకా నడవాలి. చందాలిచ్చినవాళ్ళు మాత్రం కారులో రావచ్చు.

రాజపుత్ వర్గం లేచింది. నౌకాదళం ఉన్న ఊళ్ళో పిరికితనానికి విగ్రహమా అని. హైడ్రోజన్ వర్గం, రాజపుత్ వర్గం వ్యతిరేకించింది కాబట్టి బలపరిచింది. ఉల్లిపాయలాయన బండిలో ఒక బస్తా కూడా ఉండాలని సవరణ పెట్టాడు. పారిపోయినట్టు రుజువేమిటి, ఆధార్ జతచేయాలా అని కోశాధికారి అడిగారు. విగ్రహం బీచ్‌కి వీపు చూపిస్తే ఇసకలో నిలబడి దిగే సెల్ఫీలో ఎడ్ల మొహాలు పడవని, ఎడ్లను ఇటు తిప్పాలని ఒక సభ్యుడన్నాడు. ఇటు తిప్పితే వాళ్ళు బాంబుల కోసం ఎదురెళ్తున్నట్టుంటుందయ్యా అంటే, అదీ బాగుంటుంది, వీరత్వం కనిపిస్తుంది అన్నాడు. చప్పట్లు పడ్డాయి. ఆ సవరణ ఏకగ్రీవంగా నెగ్గింది.

విగ్రహానికి డబ్బులింకా పోగవలేదు గానీ శిలాఫలకం చెక్కించడం పూర్తయింది. ముందు ముఖ్య అతిథి పేరు, ఆ కింద అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, సహాయ కార్యదర్శినైన నేను, ఆ తర్వాత పదివేలు దాటి చందా ఇచ్చిన దాతలు. 1942లో ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ కోసం అడుగున ఒక వరస వదిలాం. చోటు చాలక అక్కడ "మరియు తదితరులు" అని చెక్కించాం.