వంగపండు రంగు శూన్యం

సూర్యుడూ భూమీ పుట్టి 450 కోట్ల ఏళ్లు దాటింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా మన చుట్టూ ఉన్న అంతరిక్షం నల్లగానే ఉండిపోయింది. ఇంత పెద్ద లోపాన్ని సరిదిద్దాలన్న ఆలోచన ఏ దేవుడికీ, ఏ శాస్త్రవేత్తకీ రాకపోవడం విచారకరం. చివరికి యానిమేషన్ పరిశ్రమే నడుం కట్టి, గత పాతికేళ్లలో అంతరిక్షాన్నంతా వంగపండు రంగులోకి మార్చి, మానవాళికి మహోపకారం చేసింది.

ఈ మధ్య విశాఖలోని ఒక మల్టీప్లెక్స్‌లో మా ఇంటి పిల్లలతో కలిసి అటువంటి బొమ్మల సినిమా ఒకటి చూసే భాగ్యం కలిగింది. రాకెట్ వాతావరణం దాటి పైకి వెళ్లీ వెళ్లగానే పెళ్లిళ్ల సీజనులో పట్టుచీరల కొట్టువాడు తాను విప్పి పరిచినట్లుగా తెర నిండా ఆకాశం పరుచుకుంది. ఒడలంతా వంగపండు, కొంగు రాణీ రంగు, అంచు నెమలికంఠం, నడుమ నక్షత్రాల జరీ బుటాలు. ఆ రంగుల మధ్య కథానాయిక ఓడను వెతుక్కోవడానికే నాకు ఇంటర్వెల్ దాకా పట్టింది.

చేత్తో బొమ్మలు గీసే రోజుల్లో అంతరిక్షం చాలా చౌక. నల్లటి నేపథ్యం మీద కుంచెతో తెల్లరంగు చిలకరిస్తే పాలపుంత సిద్ధమయ్యేది. పొదుపు కోసం చేసిన పని నిజానికి అంత దగ్గరగా రావడం ఆ చిత్రకారుల అదృష్టం. అయితే వారిని కేవలం అదృష్టవంతులని సరిపెట్టడం కూడా అన్యాయమే. 1955లో డిస్నీ సంస్థ టెలివిజన్ కోసం తయారుచేసిన ‘మ్యాన్ ఇన్ స్పేస్’లో రాకెట్ శాస్త్రవేత్త వెర్నర్ వాన్ బ్రాన్ స్వయంగా కూర్చుని మనిషిని పైకి పంపే పద్ధతిని వివరించాడు. భారరహిత స్థితిలో మనిషి ఒళ్లు ఏమవుతుందో నవ్వించే బొమ్మలతోనే చూపించారు. అప్పటికి తొలి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరడానికి ఇంకా రెండేళ్లు, తొలి వ్యోమగామి గగారిన్ వెళ్లడానికి ఆరేళ్లు ఉంది. ఎవరూ చూడని చోటును, తెలిసినవాళ్లను అడిగి, తెలిసినంత మేరకు గీశారు. ఇప్పుడు మనుషులు వెళ్లివచ్చారు, ఫొటోలు తెచ్చారు, అక్కడే నెలల తరబడి కాపురాలు కూడా చేస్తున్నారు. కనుక ఇక ఎవరినీ అడగవలసిన అవసరం లేకుండా పోయింది.

అబద్ధమంటే నాకు పడదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 1989లో నిక్ పార్క్ మట్టిబొమ్మలతో తీసిన ‘ఎ గ్రాండ్ డే అవుట్’లో చంద్రుడు ఆసాంతం చీజ్. ఇంట్లో చీజ్ అయిపోయిందని ఒక పెద్దమనిషి తన కుక్కను తీసుకుని రాకెట్‌లో చంద్రుడి మీదకు వెళ్తాడు. అది బాహాటంగా చెప్పిన అబద్ధం. దాన్ని చూసి ఏ పిల్లవాడూ చంద్రుణ్ణి రొట్టెలో పెట్టుకు తినవచ్చని నమ్మలేదు. 2008 నాటి ‘వాల్-ఈ’లో ఒక రోబో మంటలార్పే సిలిండరును నొక్కుతూ, గ్యాసు ఒకవైపు చిమ్ముతుంటే తాను రెండోవైపు కదులుతుంది. న్యూటన్ మూడో సూత్రాన్ని ఇంత అందంగా చెప్పిన పాఠ్యపుస్తకం నేను చదవలేదు.

గొడవంతా రంగుతోనే. దీనికి మూలపురుషుడు పాపం హబుల్ టెలిస్కోపు. 1990లో పైకి వెళ్లి, 1995లో ఈగిల్ నెబ్యులా అనే వాయువు, ధూళి మేఘంలోని స్తంభాలను చూపించి లోకాన్ని నోరు తెరిపించింది. ఏ మూలకం ఎక్కడ ఉందో విడదీసి చూపడానికి శాస్త్రవేత్తలు ఆ చిత్రంలో గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం కేటాయించారు. అక్కడికి వెళ్లి నిలబడితే కంటికి ఇలాగే కనిపిస్తుందని వారు ఎన్నడూ అనలేదు. యానిమేషన్ వారు మాత్రం రంగులను పుచ్చుకుని వివరణను అక్కడే వదిలేశారు. కంప్యూటరులో పొగను, మేఘాన్ని తయారుచేయడం తేలికైన కొద్దీ ఆ మేఘాలు మన సౌరకుటుంబం గడప దాకా వచ్చేశాయి.

మొన్నటి సినిమాలో ఓడ అటువంటి మేఘంలోంచి దూసుకుపోతుంటే వెనుక ఊదారంగు పొగ సుడులు తిరిగింది. వైపర్లు వేయనందుకు దర్శకుడికి కృతజ్ఞతలు. మనం పీల్చే గాలిలో ఘన సెంటీమీటరుకు కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. నెబ్యులాలో అదే స్థలంలో వందల్లోనో వేలల్లోనో ఉంటాయి. కొన్ని కాంతి సంవత్సరాల మందం ఉండబట్టి దూరానికి మేఘంలా కనిపిస్తుంది గాని, మధ్యలో నిలబడినవాడికి అది శూన్యమే.

ఇంత శాస్త్రం తెలిసీ నలుపును ఎందుకు వెలివేశారన్న ప్రశ్నకు నాకు జవాబు దొరికింది ఎంవీపీ కాలనీలోని ఒక ఫంక్షన్ హాలులో, మా బంధువుల అబ్బాయి పుట్టినరోజు నాడు. ‘స్పేస్ థీమ్’ అని కార్డులోనే వేశారు. హాలు నలుమూలలా ఊదారంగు ఫ్లెక్సీలు కట్టారు. నైలాను దారాలకు వేలాడదీసిన గ్రహాలు ఏసీ గాలికి ఒకదానినొకటి ఢీకొంటున్నాయి. శనిగ్రహం అట్ట వలయం జారి బిర్యానీ గిన్నెల పక్కన పడింది. భూమి బెలూను అంతకుముందే పేలిపోవడంతో దాని స్థానంలో ‘హ్యాపీ బర్త్‌డే’ అని రాసిన పచ్చ బెలూను కట్టారు. శూన్యమన్న భావన కలగడానికి కాబోలు, నేల మీద డ్రై ఐస్ పొగ వదిలారు. థర్మోకోల్ హెల్మెట్టులో ఊపిరాడక వ్యోమగామి ఏడుపు లంకించుకున్నాడు. నేను డెకరేటరును పక్కకు పిలిచి, అంతరిక్షం నల్లగా ఉంటుంది కదా నాయనా అని వినయంగా విన్నవించాను.

“పుట్టినరోజు పూట నలుపేటి సార్?” అన్నాడతను, నా మతి మీద అనుమానంతో. “అశుభం కదా. స్పేస్ అంటే పర్పులే సార్, సినిమాల్లో సూడండి.”

“ఆ అబ్బాయి చెప్పింది నిజమే నాయనా, నలుపు వద్దు,” అంది పిల్లవాడి నాయనమ్మ, వ్యోమగామికి దిష్టిచుక్క దిద్దుతూ. ఆ చుక్క నల్లగానే ఉంది. హాలు మొత్తంలో శాస్త్రీయంగా సరైన రంగు అదొక్కటే.

వంద కోట్ల డాలర్ల పరిశ్రమలూ, మా డెకరేటరూ ఒకే సిద్ధాంతం మీద నడుస్తున్నారన్నమాట. ఓడల లోపలి విశాలత గురించి నేను మాట్లాడను. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామిలో నడుము వంచి, భుజాలు ముడుచుకుని ఒకసారి నడిచినవారికి, అంతరిక్ష నౌకలో కథానాయిక స్కేటింగ్ చేసే హాలును చూస్తే కలిగే భావం వేరే చెప్పనక్కరలేదు.

ఈ మాట ఎత్తినప్పుడల్లా నాకు దొరికే సమాధానం ఒకటే: “పిల్లల సినిమాయే కదా!” 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగింది. మా అపార్ట్‌మెంటు అంతా టీవీల ముందు నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ తరువాత కొద్ది రోజులకు ప్రజ్ఞాన్ రోవర్ తీసిన విక్రమ్ ల్యాండర్ ఫొటో వచ్చింది. బూడిదరంగు నేల, దాని మీద నిజంగా నిలబడిన మన యంత్రం. మా కింది ఫ్లోరు పిల్లవాడు దాన్ని ఫోనులో చూసి, “గ్రాఫిక్స్ ఏం బాలేవు అంకుల్” అన్నాడు. మనుషుల చేతులు తయారుచేసిన వస్తువొకటి దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరాన చంద్రుడి మట్టి మీద నిలబడి ఉంటే, దాన్ని చూసి ఆశ్చర్యపోవలసిన వయసులో ఉన్న పిల్లవాడు పెదవి విరిచాడు. తప్పు వాడిది కాదు. వాడికి ఊహ తెలిసినప్పటి నుంచి అబద్ధాన్ని నిజం కంటే అందంగా అలంకరించి తినిపించిన మనది. పిల్లల సినిమా కాబట్టే అందులో నిజం ఉండాలి, బుద్ధి ఉన్న ఎవరికైనా ఇది ఒకరు చెప్పాలా? పెద్దవాడికి అబద్ధం చూపిస్తే ఇంటికి వెళ్లి మరిచిపోతాడు. పిల్లవాడు దాని మీద ప్రపంచం కట్టుకుంటాడు. పోనీ తలెత్తి చూసుకోమందామా? బీచ్ రోడ్డు మీద రాత్రిని పగలు చేసే దీపాలు పెట్టి ఆ దారీ మూసేశాం. ఫిషింగ్ హార్బరు నుంచి వేటకు వెళ్లి ఒడ్డు దీపాలు కనుమరుగయ్యేంత దూరం పోయిన జాలరికి వేగుచుక్క, పిల్లలకోడి, పాలపుంత ఇప్పటికీ కనిపిస్తాయి. వేలకు వేలు ఫీజులు కట్టి చదివిస్తున్న మన పిల్లలకు ఆ భాగ్యం లేదు.

ఈ నేపథ్యంలో సెన్సారు వారికి ఒక ప్రతిపాదన సమర్పిస్తున్నాను. తెర మీద సిగరెట్ వెలిగినప్పుడల్లా కింద ‘పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం’ అని వేస్తున్నారు. అలాగే వంగపండు ఆకాశం కనిపించినప్పుడల్లా ‘ఇందులోని రంగులు కల్పితం, అసలు అంతరిక్షం నల్లగా ఉంటుంది’ అని వేయించాలి. కొన్ని చిత్రాలలో ఆ వాక్యం టైటిల్స్ నుంచి శుభం కార్డు దాకా కదలకుండా ఉండవలసి వస్తుంది, ఉండనివ్వండి. అక్షరాలు మాత్రం తెల్లగానే వేయించగలరు. నల్లగా వేస్తే ఎంవీపీ కాలనీ నుంచి అభ్యంతరాలు వస్తాయి.